నిలకడలేని పరీక్షలు (ఫ్లేకీ టెస్టులు)

కోడ్‌లో గానీ పరీక్షలో గానీ ఏ మార్పూ లేకుండానే ఒకసారి పాసై మరోసారి ఫెయిలయ్యే ఆటోమేటెడ్ పరీక్షను ఫ్లేకీ టెస్ట్ అంటారు. తెలుగులో దీన్ని నిలకడలేని పరీక్ష అనవచ్చు. కొత్త కోడ్‌ను ప్రధాన బ్రాంచ్‌లో కలపవచ్చా, విడుదల చేయవచ్చా అనేది బిల్డ్ పైప్‌లైన్ ఈ పరీక్షల ఫలితాన్నిబట్టే తేలుస్తుంది. ఆ ఫలితానికి నిలకడ లేకపోతే తప్పులేని కోడ్ ఆగిపోవచ్చు, తప్పున్న కోడ్ దాటిపోనూవచ్చు. ఇలాంటి పరీక్షలను గుర్తించడం, వాటి ప్రభావాన్ని పరిమితం చేయడం, కారణం కనిపెట్టి సరిచేయడం, కొత్తవి చేరకుండా చూడటం అనే నాలుగు పనులూ వీటి నిర్వహణ కిందికి వస్తాయి.

## 1. నిర్వచనం, పరిధి

ఒకే కోడ్, ఒకే పరీక్ష, ఒకే ప్రకటిత పరిసరం ఉన్నప్పుడు రెండు భిన్న ఫలితాలు వస్తే ఆ పరీక్షను నిలకడలేనిదిగా లెక్కిస్తారు. ఇక్కడ "ప్రకటిత" అనే మాట ముఖ్యం. ఆపరేటింగ్ సిస్టమ్, లైబ్రరీల వెర్షన్లు, కాన్ఫిగరేషన్ వంటివి పైప్‌లైన్‌లో రాసిపెట్టి ఉంటాయి. యంత్రం మీద ఆ క్షణంలో ఉన్న భారం, థ్రెడ్లు నడిచిన వరుస, గడియారంలో సమయం, నెట్‌వర్క్ జాప్యం ఎక్కడా రాసి ఉండవు. ఫలితం ఇలా రాయని అంశాలమీద ఆధారపడినప్పుడు నిలకడ పోతుంది.

దీన్ని మూడు సమీప భావనలనుంచి వేరుచేసి చూడాలి. ఒక మార్పు తరవాత ప్రతిసారీ ఫెయిలయ్యే పరీక్ష నిలకడలేనిది కాదు. అది రిగ్రెషన్‌ను, అంటే మునుపు పనిచేసినది చెడిపోవడాన్ని, చూపుతుంది. బిల్డ్ యంత్రంలో డిస్క్ నిండిపోయి పరీక్షలన్నీ ఒకేసారి కూలిపోతే దాన్ని మౌలిక సదుపాయ వైఫల్యం అంటారు. పరిశీలించబోతే మాయమయ్యే లోపాన్ని హైసెన్‌బగ్ అంటారు. నిలకడలేని పరీక్ష వెనుక హైసెన్‌బగ్ ఉండవచ్చు, ఉండకపోనూవచ్చు.

లోపం మూడుచోట్ల ఉండే వీలుంది: పరీక్ష కోడ్‌లో, పరీక్షకు గురైన అసలు ప్రోగ్రామ్‌లో, పరీక్షలు నడిపే పరిసరంలో. రెండో సందర్భంలో పరీక్ష తన పని సరిగానే చేసినట్టు. ప్రోగ్రామ్‌లోనే అప్పుడప్పుడూ బయటపడే తప్పు ఉంది, పరీక్ష దాన్ని అప్పుడప్పుడూ పట్టుకుంటోంది. కాబట్టి "ఫ్లేకీ" అనే ముద్ర లక్షణాన్ని మాత్రమే చెబుతుంది, కారణాన్ని చెప్పదు.

## 2. చరిత్ర

### 2.1 నేపథ్యం

కంప్యూటర్ వ్యవస్థల్లో వచ్చిపోయే లోపాల గురించిన చర్చ ఆటోమేటెడ్ పరీక్షలు వ్యాపించకముందే మొదలైంది. టాండెమ్ కంప్యూటర్స్‌లో పనిచేసిన జిమ్ గ్రే 1985లో రాసిన సాంకేతిక నివేదికలో, మళ్లీ ప్రయత్నిస్తే కనిపించకుండాపోయే లోపాలకు హైసెన్‌బగ్ అనే పేరు వాడారు.

కెంట్ బెక్, ఎరిక్ గామా 1997లో జావా పరీక్షల సాధనమైన జేయూనిట్ రాశారు. దానితో ప్రోగ్రామర్లు తమ పరీక్షలను తామే రాసుకుని పదేపదే నడిపే పద్ధతి బలపడింది. కంటిన్యువస్ ఇంటిగ్రేషన్ (సీఐ) గురించి మార్టిన్ ఫౌలర్ వ్యాసం 2000లో వచ్చింది. 2001లో క్రూయిజ్‌కంట్రోల్, 2005లో హడ్సన్ అనే సీఐ సాధనాలు వెలువడ్డాయి. హడ్సన్ 2011లో జెంకిన్స్‌గా పేరు మార్చుకుంది. రోజుకు ఒకసారి నడిచే పరీక్షలు ప్రతి కమిట్‌కూ నడవడంతో అరుదుగా ఎదురయ్యే అస్థిర ఫలితాలు నిత్యం కనిపించసాగాయి.

### 2.2 జావా 7 ఉదంతం

2011లో వచ్చిన జావా 7 ఈ సమస్యను చాలామందికి ఒక్కసారిగా చూపించింది. ఒక క్లాస్‌లోని మెథడ్‌ల జాబితా రిఫ్లెక్షన్ ద్వారా ఏ వరుసలో వస్తుందో జావా ఎన్నడూ హామీ ఇవ్వలేదు. అయినా అంతకుముందరి వెర్షన్లలో అది సాధారణంగా కోడ్‌లో రాసిన వరుసలోనే వచ్చేది. జావా 7లో ఆ వరుస మారింది. ముందు పరీక్ష వదిలిన స్థితిమీద తెలియకుండానే ఆధారపడిన పరీక్షలు ఫెయిల్ కాసాగాయి. జేయూనిట్ 4.11 వెర్షన్ పరీక్షలను ఎప్పుడూ ఒకే స్థిరమైన వరుసలో నడిపే ఏర్పాటు తెచ్చింది. దానితో ఫలితం కుదుటపడింది. పరీక్షల పరస్పర ఆధారం మాత్రం అలాగే ఉండిపోయింది.

### 2.3 పరిశోధన దశ

పరీక్షల్లోని అనిశ్చితిని తొలగించడం గురించి ఫౌలర్ 2011లో రాసిన వ్యాసం నిలకడలేని పరీక్షలను వేరుగా ఉంచే క్వారంటైన్ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది. 2014లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 51 అపాచీ ప్రాజెక్టులనుంచి 201 కమిట్లను పరిశీలించి కారణాల వర్గీకరణ ఇచ్చారు. తరవాతి పరిశోధనలు చాలావరకు ఈ వర్గీకరణనే వాడుతున్నాయి. గూగుల్ ఇంజనీరు జాన్ మికో 2016లో తమ సంస్థ గణాంకాలను ప్రచురించారు. 2018లో ఫేస్‌బుక్‌కు చెందిన మార్క్ హార్మన్, పీటర్ ఓహెర్న్ పరీక్షలన్నీ నిలకడలేనివేనని ముందే అనుకుని పద్ధతులు రూపొందించుకోవాలని ప్రతిపాదించారు. 2021 నాటికి ఈ అంశంపై సమగ్ర సమీక్షా పత్రాలు కూడా వచ్చాయి.

## 3. కారణాల వర్గీకరణ

2014 అధ్యయనంలో కారణం తేల్చగలిగిన కమిట్లలో దాదాపు 45 శాతం ఎసింక్ నిరీక్షణకు, 20 శాతం కాంకరెన్సీకి, 12 శాతం పరీక్షల క్రమానికి సంబంధించినవి. భాషనుబట్టి ఈ నిష్పత్తులు మారతాయి. పైథాన్ ప్రాజెక్టులపై 2021లో వచ్చిన ఒక విస్తృత అధ్యయనంలో క్రమం మీద ఆధారపడటమే 59 శాతంతో మొదటిస్థానంలో ఉంది.

### 3.1 ఎసింక్ నిరీక్షణ

పరీక్ష ఒక పని మొదలుపెట్టి, అది పూర్తయిందో లేదో చూసుకోకుండా ఫలితం కోసం వెతకడం ఈ వర్గం. సర్వర్ సిద్ధం కావడానికి రెండు సెకన్లు చాలని "స్లీప్" పెట్టి రాసిన పరీక్ష డెవలపర్ ల్యాప్‌టాప్ మీద పాసవుతుంది. నాలుగు బిల్డ్‌లు ఒకే యంత్రాన్ని పంచుకుంటున్నప్పుడు సర్వర్‌కు మూడు సెకన్లు పడితే అదే పరీక్ష ఫెయిలవుతుంది. నిరీక్షణ కాలాన్ని పెంచితే వైఫల్యాలు తగ్గుతాయి గానీ పాసయ్యే ప్రతిసారీ ఆ సమయమంతా వృథా అవుతుంది. వెబ్ పేజీల పరీక్షల్లో యానిమేషన్లు, ఆలస్యంగా లోడయ్యే బటన్లు ఇలాంటి ఇబ్బందినే తెస్తాయి.

### 3.2 కాంకరెన్సీ

ఒకే డేటాను రెండు థ్రెడ్లు ఏ వరుసలో తాకుతాయో ఖాయంగా లేనప్పుడు రేస్ కండిషన్ ఏర్పడుతుంది. ఒకదాని కోసం ఒకటి ఎదురుచూస్తూ రెండూ ఆగిపోతే డెడ్‌లాక్. ఈ వర్గంలో లోపం పరీక్షలో కాక ప్రోగ్రామ్‌లోనే ఉండే అవకాశం గణనీయం. అందుకే వీటిని పరీక్ష దోషంగా కొట్టిపారేయడం ప్రమాదకరమని పరిశోధకులు హెచ్చరిస్తారు.

### 3.3 పరీక్షల క్రమం

స్టాటిక్ వేరియబుల్, డేటాబేస్ వరుస, ఫైల్, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ వంటి ఉమ్మడి స్థితిని ఒక పరీక్ష మార్చి యథాస్థితికి తేకపోతే తరవాతి పరీక్ష ఫలితం మారిపోతుంది. పరిశోధన సాహిత్యంలో ఇందుకు స్పష్టమైన పదజాలం ఉంది. ఒంటరిగా నడిపితే పాసై, మరో పరీక్ష తరవాత నడిపితే ఫెయిలయ్యేది బాధిత పరీక్ష. దాన్ని చెడగొట్టేది కాలుష్యకారక పరీక్ష. ఒంటరిగా ఫెయిలై, మరో పరీక్ష ముందుగా స్థితిని సిద్ధం చేస్తేనే పాసయ్యేదాన్ని పెళుసు పరీక్ష అంటారు. ఒకే వరుసలో నడిపినంతకాలం వీటి ఫలితం మారదు. సమయం ఆదా చేయడానికి పరీక్షలను పలు యంత్రాలకు పంచినప్పుడు ఇవి బయటపడతాయి.

### 3.4 సమయం, తేదీ

ప్రస్తుత సమయాన్ని నేరుగా చదివే పరీక్షలు అర్ధరాత్రి, నెలాఖరు, ఫిబ్రవరి 29 వంటి సరిహద్దుల్లో తప్పుతాయి. భారత ప్రామాణిక కాలం యూటీసీ కంటే 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. బిల్డ్ సర్వర్లు సాధారణంగా యూటీసీలో నడుస్తాయి. "ఈరోజు" తేదీని ప్రోగ్రామ్ యూటీసీలోనూ పరీక్ష భారత కాలంలోనూ లెక్కిస్తే, మన గడియారం ప్రకారం రాత్రి 12 నుంచి తెల్లవారుజామున 5:30 వరకు రెండు తేదీలూ వేరుగా ఉంటాయి. హైదరాబాద్‌లోనో విశాఖపట్నంలోనో పగటిపూట పనిచేసే బృందానికి ఆ పరీక్ష ఎప్పుడూ పాసైనట్టే కనిపిస్తుంది. రాత్రి బిల్డ్‌లో మాత్రం ఫెయిలవుతుంది.

రోజుకు ఎప్పుడూ 24 గంటలే అనే ఊహ మరో మూలం. భారత్‌లో గడియారాలను ఏటా ముందుకూ వెనక్కూ జరిపే పద్ధతి లేదు. అమెరికాలో ఎక్కువ ప్రాంతాల్లో మార్చి రెండో ఆదివారం ఒక గంట ముందుకు, నవంబర్ మొదటి ఆదివారం ఒక గంట వెనక్కు జరుపుతారు. ఆ కాలమండలాల్లో మార్చిలోని ఆ రోజుకు 23 గంటలు, నవంబర్‌లోని ఆ రోజుకు 25 గంటలు.

### 3.5 క్రమం లేని సేకరణలు, యాదృచ్ఛిక విలువలు

జావాలోని హ్యాష్‌మ్యాప్, పైథాన్‌లోని సెట్ వంటివి తమ అంశాలను ఫలానా వరుసలో ఇస్తామని హామీ ఇవ్వవు. పైథాన్ 3.3 నుంచి స్ట్రింగుల హ్యాష్ విలువలు ప్రతి ప్రాసెస్‌లోనూ వేరుగా ఉంటాయి. కాబట్టి సెట్‌లోని పదాలను వరుసగా పేర్చి పోల్చే పరీక్ష ఒకసారి సరిపోలి, మరోసారి సరిపోలకపోవచ్చు. గో భాషలో మ్యాప్ అంశాల వరుసను కావాలనే మారుస్తూ ఉంటారు. ప్రోగ్రామర్లు లేని హామీని నమ్ముకోకూడదన్నది ఉద్దేశం. సీడ్ విలువను నమోదు చేయకుండా యాదృచ్ఛిక డేటా వాడితే వైఫల్యాన్ని మళ్లీ రప్పించడం కష్టం. దశాంశ సంఖ్యలను కూడే వరుస మారితే చివరి అంకెలు మారతాయి కాబట్టి, సమాంతరంగా లెక్కించే ప్రోగ్రామ్‌లలో ఖచ్చితమైన సమానత్వాన్ని కోరే పరీక్షలు కూడా ఈ వర్గంలోకి వస్తాయి.

### 3.6 నెట్‌వర్క్, వనరులు

బయటి సేవను నేరుగా పిలిచే పరీక్ష ఆ సేవ అందుబాటును బట్టి పాసవుతుంది. మూసివేయని ఫైళ్లు, వదిలిపెట్టని డేటాబేస్ కనెక్షన్లు పేరుకుపోయి వాటితో సంబంధంలేని పరీక్షను పడగొడతాయి. స్థిరమైన పోర్ట్ సంఖ్య రాసిన రెండు పరీక్షలు ఒకే యంత్రంపై సమాంతరంగా నడిస్తే ఒకదానికి ఆ పోర్ట్ దొరకదు.

## 4. సంభావ్యత లెక్క

ఒక్కో పరీక్ష అస్థిరత స్వల్పమే అయినా మొత్తం బిల్డ్‌పై ప్రభావం పెద్దది. వెయ్యి పరీక్షలున్న బిల్డ్‌లో ప్రతి పరీక్షా అకారణంగా ఫెయిలయ్యే సంభావ్యత 0.1 శాతం అనుకుందాం. వైఫల్యాలు ఒకదానితో ఒకటి సంబంధంలేనివైతే, అన్నీ పాసయ్యే సంభావ్యత దాదాపు 37 శాతమే. అంటే తప్పులేని మార్పుకు కూడా దాదాపు మూడింట రెండువంతుల సందర్భాల్లో ఎర్రరంగు (ఫెయిల్) ఫలితమే కనిపిస్తుంది.

గుర్తింపుకూ ఇదే లెక్క వర్తిస్తుంది. 10 శాతం సార్లు ఫెయిలయ్యే పరీక్ష కనీసం ఒక్కసారి ఫెయిలవడాన్ని 95 శాతం నమ్మకంతో చూడాలంటే 29 సార్లు నడిపితే చాలు. 1 శాతం సార్లు ఫెయిలయ్యేదానికి దాదాపు 300 సార్లు నడపాలి. అరుదైన అస్థిరతను పట్టుకోవడం ఎందుకు ఖరీదైనదో ఈ తేడా చెబుతుంది.

వాస్తవంలో వైఫల్యాలు పూర్తిగా స్వతంత్రంగా ఉండవు. యంత్రం భారంతో ఉన్న సమయంలో మొదటి ప్రయత్నం ఫెయిలైతే, వెంటనే అదే యంత్రంపై చేసే రెండో ప్రయత్నం కూడా ఫెయిలయ్యే అవకాశం ఎక్కువ.

## 5. గుర్తింపు పద్ధతులు

### 5.1 మళ్లీ నడపడం

ఫెయిలైన పరీక్షను అదే కోడ్‌పై మళ్లీ నడిపి, పాసైతే నిలకడలేనిదిగా గుర్తించడం అతి సరళమైన పద్ధతి. మేవెన్ ష్యూర్‌ఫైర్, పైటెస్ట్ ప్లగిన్లు, గ్రేడిల్, ప్లేరైట్, సైప్రస్ వంటి సాధనాల్లో ఈ సదుపాయం ఉంది. ష్యూర్‌ఫైర్, ప్లేరైట్ ఇలా రెండో ప్రయత్నంలో పాసైన పరీక్షలను పాసైనవాటిలో కలపకుండా ప్రత్యేక వర్గంగా చూపిస్తాయి. మళ్లీ ఎలా నడిపారన్నదాన్నిబట్టి కారణానికి సూచన కూడా దొరుకుతుంది. గిట్‌హబ్ సంస్థ 2020లో వివరించిన ఏర్పాటులో ఫెయిలైన పరీక్షను మూడు రకాలుగా నడిపేవారు: అదే ప్రాసెస్‌లో, అదే ప్రాసెస్‌లో గడియారాన్ని ముందుకు జరిపి, వేరే యంత్రంపై. మొదటిదానిలో పాసైతే యాదృచ్ఛికత లేదా రేస్ కండిషన్, రెండోదానిలో పాసైతే సమయం, మూడోదానిలో పాసైతే క్రమం లేదా ఉమ్మడి స్థితి అనుమానితులవుతాయి.

### 5.2 కవరేజీతో పోల్చడం

2018లో వెలువడిన డీఫ్లేకర్ అనే సాధనం మళ్లీ నడపకుండానే నిర్ణయానికి వస్తుంది. నిన్న పాసై ఈరోజు ఫెయిలైన పరీక్ష, ఈరోజు మారిన కోడ్ వరుసల్లో దేన్నీ తాకకపోతే, వైఫల్యానికి కారణం ఆ మార్పు కాదని భావిస్తుంది. కాన్ఫిగరేషన్ ఫైళ్ల వంటి కోడేతర మార్పుల విషయంలో ఈ తర్కానికి పరిమితి ఉంది.

### 5.3 కావాలని కుదపడం

దాగిన ఊహలను బయటపెట్టడానికి పరిస్థితులను ఉద్దేశపూర్వకంగా మార్చే పద్ధతులివి. ఐడీఫ్లేకీస్ అనే సాధనం పరీక్షల వరుసను కలియబెడుతుంది. దాని రూపకర్తలు 2019లో ప్రచురించిన 422 నిలకడలేని పరీక్షల సంకలనంలో సగానికి కాస్త పైగా క్రమానికి సంబంధించినవి. నాన్‌డెక్స్ జావా లైబ్రరీలు హామీ ఇవ్వని ప్రవర్తనను మార్చిచూస్తుంది. షేకర్ యంత్రంపై కృత్రిమ భారం మోపుతుంది. గో భాషలో 1.17 వెర్షన్ నుంచి పరీక్షల వరుసను కలియబెట్టే ఐచ్ఛికం ఉంది. గూగుల్‌టెస్ట్, ఆర్‌స్పెక్‌లలో కూడా ఈ వీలుంది. వాడిన సీడ్‌ను మళ్లీ ఇస్తే అదే వరుస తిరిగి వస్తుంది.

### 5.4 చరిత్ర విశ్లేషణ

ప్రతి పరీక్ష ఫలితాలనూ భద్రపరచి, పాస్–ఫెయిల్ మధ్య ఎన్నిసార్లు ఊగిందో లెక్కిస్తారు. ఫేస్‌బుక్ సంస్థ 2020లో వివరించిన పద్ధతిలో పరీక్షను "ఫ్లేకీ", "కాదు" అని రెండుగా విడదీయరు. ఏ మేరకు నిలకడలేనిదో సంభావ్యత స్కోరుగా చెబుతారు. పరీక్ష కోడ్ లక్షణాలనుంచి యంత్రాభ్యాసం ద్వారా అస్థిరతను ముందే ఊహించే ప్రయత్నాలు కూడా జరుగుతున్నాయి.

## 6. నిర్వహణ విధానాలు

### 6.1 రీట్రై

పైప్‌లైన్‌లో ఫెయిలైన పరీక్షకు మరో ఒకటి రెండు అవకాశాలివ్వడం అత్యంత ప్రచారంలో ఉన్న విధానం. ఒక పరీక్షను ఫ్లేకీగా గుర్తిస్తే బేజెల్ అనే బిల్డ్ సాధనం దాన్ని మూడుసార్ల వరకు నడిపి, మూడూ ఫెయిలైతేనే వైఫల్యంగా ప్రకటిస్తుంది. డెవలపర్ పని ఆగకపోవడం దీని లాభం. ఇందులో రెండు నష్టాలున్నాయి. మొదటిది సమయం: 15 నిమిషాల పరీక్ష నిజంగా ఫెయిలైతే ఆ సంగతి తేలడానికి 45 నిమిషాలు పడుతుంది. రెండోది దాపరికం: 10 శాతం సార్లు బయటపడే నిజమైన లోపం ప్రోగ్రామ్‌లో ఉంటే, మూడు ప్రయత్నాలూ ఫెయిలవడానికి సంభావ్యత 0.1 శాతమే. వెయ్యి బిల్డ్‌లలో ఒక్కదానిలోనే అది ఎర్రగా కనిపిస్తుంది. అందుకే రీట్రై చేసిన ప్రతి సంఘటననూ నమోదు చేయాలన్నది సాధారణ నియమం.

### 6.2 క్వారంటైన్

నిలకడలేని పరీక్షను మెర్జ్‌ను అడ్డుకునే ప్రధాన వరుసనుంచి తీసి వేరేచోట నడపడాన్ని క్వారంటైన్ అంటారు. ఫలితం నమోదవుతూనే ఉంటుంది గానీ బిల్డ్‌ను ఆపదు. క్వారంటైన్‌లోకి వెళ్లినవాటిని మరచిపోయే ప్రమాదం ఉంది. దాన్ని అరికట్టడానికి ఫౌలర్ రెండు పరిమితులను ఉదాహరణగా సూచించారు: క్వారంటైన్‌లో ఎనిమిది పరీక్షలకు మించి ఉండకూడదనే సంఖ్యా పరిమితి, వారానికి మించి ఉండకూడదనే కాల పరిమితి.

పూర్తి క్వారంటైన్ విధానంలో సాధారణంగా ఐదు అంశాలుంటాయి: లోపలికి పంపే ప్రమాణం, బాధ్యత తీసుకునే బృందం, లోపాల జాబితాలో నమోదు, గడువు, బయటికి తెచ్చే ప్రమాణం. ఉదాహరణకు వరుసగా నిర్ణీతసార్లు పాసైతేనే పరీక్షను తిరిగి ప్రధాన వరుసలో చేరుస్తారు.

### 6.3 సరిదిద్దడం

కారణం తెలిశాక పరిష్కారాలు చాలావరకు స్థిరపడినవే. నిర్ణీత కాలపు స్లీప్ స్థానంలో ఫలానా షరతు నెరవేరేవరకు వేచి ఉండే నిరీక్షణ పెడతారు. గడియారాన్ని నేరుగా చదవకుండా బయటినుంచి అందించే ఏర్పాటు చేస్తే పరీక్షలో సమయాన్ని స్తంభింపజేయవచ్చు. ఉమ్మడి స్థితిని ప్రతి పరీక్షకూ ముందు తాజాగా సిద్ధం చేస్తారు. పోర్ట్ సంఖ్యగా సున్నా ఇస్తే ఖాళీ పోర్ట్‌ను ఆపరేటింగ్ సిస్టమే కేటాయిస్తుంది. క్రమం లేని సేకరణలను పోల్చేముందు వరుసపెడతారు. దశాంశ సంఖ్యలకు తేడా హద్దు పెడతారు. క్రమానికి సంబంధించిన లోపాల్లో, స్థితిని శుభ్రపరిచే కోడ్ అదే పరీక్షల సముదాయంలో మరోచోట ఉంటే దాన్ని వెతికి వాడే ఐఫిక్స్‌ఫ్లేకీస్ అనే సాధనం 2019లో వచ్చింది.

కారణం దొరకనప్పుడు ఆధారాల సేకరణ ముఖ్యమవుతుంది. లాగ్‌లు, స్క్రీన్‌షాట్‌లు, ట్రేస్‌లు మొదటి వైఫల్యం దగ్గరే భద్రపరచాలి. మొజిల్లాలో రూపుదిద్దుకున్న ఆర్‌ఆర్ డీబగ్గర్ ప్రోగ్రామ్ నడకను రికార్డు చేసి అచ్చం అలాగే మళ్లీ నడిపిస్తుంది. థ్రెడ్ల వరుసను కావాలని మార్చే కేయాస్ మోడ్ కూడా అందులో ఉంది.

### 6.4 తొలగింపు, తిరగరాయడం

ఒక పరీక్ష పట్టుకునే లోపాలకంటే తెచ్చిపెట్టే శ్రమ ఎక్కువైతే దాన్ని తొలగించడం కూడా గుర్తింపు పొందిన నిర్ణయమే. తొలగించేముందు అది ఏ ప్రవర్తనను కాపాడుతోందో చూసి, ఆ ప్రవర్తనను చిన్న యూనిట్ పరీక్షలతో కాపాడవచ్చేమో పరిశీలిస్తారు.

## 7. నివారణ

2014 అధ్యయనం ప్రకారం పరిశీలించిన నిలకడలేని పరీక్షల్లో 78 శాతం రాసిన మొదటినాడే నిలకడలేనివి. అందువల్ల కొత్త పరీక్షను మెర్జ్‌కు ముందే పదులసార్లు, వరుస మార్చి, యంత్రభారం పెంచి నడిపిచూడటం ఫలితమిచ్చే నివారణ చర్యగా గుర్తింపు పొందింది.

పరీక్ష పరిమాణం మరో అంశం. గూగుల్‌కు చెందిన జెఫ్ లిస్ట్‌ఫీల్డ్ 2017లో ఇచ్చిన వివరాల ప్రకారం ఆ సంస్థలో చిన్న పరీక్షల్లో 0.5 శాతం, మధ్యస్థ పరీక్షల్లో 1.6 శాతం, పెద్ద పరీక్షల్లో 14 శాతం నిలకడలేనివి. పునాదిలో ఎక్కువ యూనిట్ పరీక్షలు, శిఖరంలో కొద్దిపాటి సంపూర్ణ వ్యవస్థా పరీక్షలు ఉండాలనే పరీక్షా పిరమిడ్ సూత్రం ఈ గణాంకాలతో పొసగుతుంది. బయటి సేవల స్థానంలో మాక్‌లను, స్థానికంగా నడిచే నకలు సర్వర్లను వాడటం, ప్రతి పరీక్షకూ విడి డేటాబేస్ స్కీమా ఇవ్వడం, కంటైనర్లతో పరిసరాన్ని ఒకేలా ఉంచడం ఇతర చర్యలు. మాక్‌లు పెరిగినకొద్దీ అసలు సేవలతో కలిసి పనిచేసే తీరు పరీక్షకు అందకుండా పోతుంది. ఈ రెంటి మధ్య సమతూకం ప్రాజెక్టునుబట్టి మారుతుంది.

## 8. సంస్థల అనుభవం

గూగుల్ 2016లో వెల్లడించిన ప్రకారం మొత్తం పరీక్షా నడకల్లో దాదాపు 1.5 శాతం అస్థిర ఫలితాలు. పరీక్షల్లో దాదాపు 16 శాతానికి ఎంతో కొంత అస్థిరత ఉంది. పాస్‌నుంచి ఫెయిల్‌కు మారిన సందర్భాల్లో 84 శాతం నిలకడలేని పరీక్షతో ముడిపడినవి. మొదటి సంఖ్యకూ చివరి సంఖ్యకూ మధ్య అంతరానికి కారణముంది. నిజమైన లోపాలు అరుదు కాబట్టి, అస్థిర ఫలితాలు మొత్తంలో తక్కువే అయినా వైఫల్యాల్లో వాటి వాటా పెద్దది. అస్థిరత హద్దు దాటిన పరీక్షను తానే క్వారంటైన్‌కు పంపి లోపం నమోదు చేసే సాధనం ఆ సంస్థలో ఉంది.

గిట్‌హబ్‌లో 2020కి ముందు ప్రతి 11 కమిట్లలో ఒకదానికి నిలకడలేని పరీక్షవల్ల ఎర్ర బిల్డ్ వచ్చేది. స్వయంచాలక గుర్తింపు, బాధ్యత కేటాయింపు తరవాత అది 200కు ఒకటి కంటే తగ్గింది. స్పాటిఫై 2019లో రాసిన ప్రకారం, నిలకడలేని పరీక్షల పట్టికను ఇంజనీర్ల కళ్లముందుంచడంతోనే రెండు నెలల్లో అస్థిరత 6 శాతంనుంచి 4 శాతానికి తగ్గింది.

ఓపెన్‌సోర్స్ ప్రాజెక్టుల్లో మొజిల్లా ఇలాంటి వైఫల్యాలను లోపాల జాబితాలో ప్రత్యేక గుర్తుతో నమోదు చేస్తుంది. ఏ వైఫల్యం పాతదో ఏది కొత్తదో తేల్చడానికి అక్కడ షెరిఫ్‌లనే బాధ్యులుంటారు. కుబర్నెటీస్ ప్రాజెక్టులోనూ ఫ్లేక్‌లకు ప్రత్యేక లేబుల్ ఉంది.

## 9. కొలమానాలు

నిర్వహణ ఫలితాన్ని చూడటానికి సాధారణంగా వాడే కొలతలు ఇవి:

- అస్థిరత రేటు: ఒకే కమిట్‌పై రెండు రకాల ఫలితాలిచ్చిన నడకల శాతం.
- అకారణ ఎర్ర బిల్డ్‌ల రేటు: కోడ్‌లో లోపం లేకుండానే ఆగిన బిల్డ్‌ల శాతం.
- రీట్రై ఖర్చు: మళ్లీ నడపడానికి వినియోగమైన యంత్ర సమయం.
- క్వారంటైన్ వయసు: అందులోని పరీక్షలు సగటున ఎన్నాళ్లుగా ఉన్నాయి.
- పరిష్కార కాలం: గుర్తించిననాటి నుంచి సరిచేసేవరకు పట్టిన వ్యవధి.

అకారణ ఎర్ర బిల్డ్‌ల రేటును రీట్రై ద్వారా తేలిగ్గా తగ్గించవచ్చు. అప్పుడు అస్థిరత రేటు మారకుండానే ఉంటుంది. అందుకే ఈ రెంటినీ కలిపి చూడాలి.

## 10. ప్రాముఖ్యత, భిన్నాభిప్రాయాలు

నిలకడలేని పరీక్షల ఖర్చు యంత్ర సమయంతో ఆగదు. ఎర్ర ఫలితం తరచూ అబద్ధమని తేలితే డెవలపర్లు కారణం చూడకుండానే మళ్లీ నడిపే అలవాటులో పడతారు. అలా దాటిపోయిన వైఫల్యాల్లో నిజమైనవీ ఉంటాయి. పరీక్షల సముదాయం పెద్దదైనా దాని ఫలితానికి సాక్ష్యంగా విలువ తగ్గుతుంది.

పరిష్కారం విషయంలో రెండు ధోరణులున్నాయి. ఫౌలర్ వంటివారు అనిశ్చితి ఇతర పరీక్షల విలువనూ దెబ్బతీస్తుందని, వెంటనే వేరుచేసి త్వరగా తొలగించాలని వాదించారు. హార్మన్, ఓహెర్న్ ప్రతిపాదన ప్రకారం భారీ వ్యవస్థల్లో అస్థిరతను పూర్తిగా రూపుమాపడం సాధ్యం కాకపోవచ్చు; కాబట్టి ప్రతి ఫలితాన్నీ సంభావ్యతగా తీసుకుని నిర్ణయాలు తీసుకునే పద్ధతులు కావాలి. ఆచరణలో చిన్న ప్రాజెక్టులు మొదటిదానికి, లక్షల పరీక్షలు నడిపే సంస్థలు రెండోదానికి దగ్గరగా ఉంటాయి.

రీట్రైని మెర్జ్ ద్వారం దగ్గర అనుమతించవచ్చా అన్నది మరో చర్చ. అనుమతించాలనేవారు డెవలపర్ సమయాన్ని, వద్దనేవారు దాగిపోయే రేస్ కండిషన్లను ప్రధానంగా ప్రస్తావిస్తారు. ద్వారం దగ్గర రీట్రైని అనుమతించి, రాత్రి బిల్డ్‌లో అదే పరీక్షలను రీట్రై లేకుండా పలుమార్లు నడిపి ఫలితాలు నమోదు చేయడం మధ్యేమార్గంగా వాడుకలో ఉంది.

## 11. ఇవీ చూడండి

- కంటిన్యువస్ ఇంటిగ్రేషన్: చరిత్ర, సాధనాలు
- పరీక్షా పిరమిడ్: యూనిట్, ఇంటిగ్రేషన్, సంపూర్ణ వ్యవస్థా పరీక్షలు
- రేస్ కండిషన్, డెడ్‌లాక్: సమాంతర ప్రోగ్రామింగ్ లోపాలు
- హైసెన్‌బగ్: వచ్చిపోయే లోపాలు
- రిగ్రెషన్ పరీక్ష: ఎంపిక, ప్రాధాన్యక్రమం
- మాక్‌లు, నకలు సేవలు: పరీక్షా ప్రత్యామ్నాయాలు
- కాలమండలాలు: సాఫ్ట్‌వేర్‌లో తేదీ, సమయ గణన